వంకరటింకర స్ఫటిక రేణువు కాంతిని ఎలా చెదరగొడుతుందో లెక్కగట్టడం ఎలా?

గోళం మీద పడిన కాంతి ఏ దిక్కుకు ఎంత చెదురుతుందో చెప్పే పూర్తి లెక్కను గుస్టావ్ మీ 1908లోనే ఇచ్చాడు. ఇప్పటి కంప్యూటర్‌కి అది క్షణంలో పని. కానీ ఖనిజ ధూళిలో, అగ్నిపర్వత బూడిదలో, నూరిన స్ఫటికాల పొడిలో గోళాలు ఎక్కడ దొరుకుతాయి? అన్నీ పగిలిన అంచులు, మొనలు, గుంటలే. పైగా చాలా స్ఫటికాల లోపల అన్ని దిక్కులూ ఒకేలా ఉండవు. కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఊగుతోందన్నదాన్ని బట్టి వక్రీభవన గుణకం మారిపోతుంది. అలాంటి పదార్థాన్ని అసమదైశికం అంటాం. ఆకారమూ సక్రమంగా లేక, పదార్థమూ సమదైశికం కాని రేణువుకు కాంతి పరిక్షేపణాన్ని (చెదరడాన్ని) ఎలా లెక్కగట్టాలో ఇక్కడ చెబుతున్నాను.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. రేణువు ఆకారం వేరు, దాని స్ఫటిక అక్షం వేరు. చెక్కను గుండ్రంగా చెక్కినా పలకగా చెక్కినా లోపలి నార ఎటు పోవాలో అటే పోతుంది. స్ఫటికం అక్షమూ అంతే. ఈ రంగంలో తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు ఆకారాన్ని ఒక ఫైల్లో, అక్షం దిశను ఇంకో ఫైల్లో విడిగా రాసి పెట్టుకోండి.

ముందు కాగితం మీద రెండు లెక్కలు

ఉదాహరణకి ఒక కాల్సైట్ ముక్కని తీసుకుందాం. దాని ఘనపరిమాణానికి సమానమైన గోళం వ్యాసార్ధం 0.5 మైక్రాన్లు. అది గాలిలో ఉంది, మీద పడేది 589 నానోమీటర్ల పసుపు కాంతి. చివరి దాకా ఈ ముక్కనే పట్టుకుని నడుద్దాం.

మొదటిది సైజ్ పారామీటర్, అంటే తరంగదైర్ఘ్యంతో పోలిస్తే రేణువు ఎంత పెద్దదో చెప్పే సంఖ్య. వ్యాసార్ధాన్ని 2 పై (2π)తో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించండి. మన ముక్కకి అది 5.3 వస్తుంది. రేణువు నీటిలోనో నూనెలోనో ఉంటే ఆ ద్రవంలోని తరంగదైర్ఘ్యం వాడాలి. రేణువు వక్రీభవన గుణకాన్ని కూడా ద్రవం గుణకంతో భాగించాలి. ఒకటి చేసి రెండోది మరచిపోతే ఫలితం చూడ్డానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాదు.

రెండో లెక్క, ద్వివక్రీభవనాన్ని, అంటే దిశను బట్టి గుణకం మారడాన్ని, అసలు పట్టించుకోవాలా అన్నది. స్ఫటికం రెండు గుణకాల మధ్య తేడాను రేణువు మందంతో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించండి. కాల్సైట్ గుణకాలు 1.658, 1.486. తేడా 0.172. ఒక మైక్రాన్ మందం దాటేసరికి రెండు ధ్రువణాల (విద్యుత్ క్షేత్రం ఊగే దిశల) మధ్య 0.29 తరంగం ఎడం వస్తుంది, అంటే పావు తరంగం కన్నా ఎక్కువ. ఇది చాలా పెద్ద తేడా. అదే క్వార్ట్జ్ అయితే గుణకాలు 1.544, 1.553. అదే మందానికి ఎడం 0.015 మాత్రమే. మంచుకి 1.3091, 1.3105 కాబట్టి 0.0024. కానీ మంచు స్ఫటికం 100 మైక్రాన్లు ఉంటే ఆ ఎడం 0.24కి చేరుతుంది. పదార్థం పేరు చూసి తీర్పు చెప్పకూడదు, మందంతో కలిపి చూడాలి.

నా మట్టుకు నేను ఈ సంఖ్య 0.05 లోపు ఉంటే సగటు గుణకంతో మొదలుపెడతాను, 0.1 దాటితే టెన్సర్ (ఒక్క సంఖ్యకు బదులు దిశలవారీ విలువలుండే మాత్రిక) లేకుండా ముందుకు పోను. ఈ మధ్యలో పడితే మీకు కావాల్సింది ఏమిటో చూసుకోండి. ముందుకు పోయే కాంతి తీవ్రత మాత్రమే కావాలంటే సగటు చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే ముందువైపు శిఖరాన్ని ప్రధానంగా నిర్ణయించేది రేణువు నీడ వైశాల్యం. వెనక్కి వచ్చే కాంతి, ధ్రువణం కావాలంటే మాత్రం సగటును నమ్మకండి.

రేణువు ఒకే స్ఫటికం కాక, తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన గింజలు అడ్డదిడ్డంగా అతుక్కుని ఏర్పడిందైతే కాంతికి అది దాదాపు సమదైశికంగానే కనిపిస్తుంది. అక్కడ ఈ శ్రమంతా అక్కర్లేదు.

ఏ పద్ధతి పట్టుకోవాలి

సైజ్ పారామీటర్ 1 కన్నా చాలా తక్కువైతే రేణువు మొత్తాన్ని ఒకే డైపోల్‌గా, అంటే కాంతితో పాటు ఊగే ధన, రుణ విద్యుదావేశాల జంటగా చూడొచ్చు. 100 దాటితే కిరణాలను వెంబడించే జ్యామితీయ దృశాశాస్త్రం వైపు వెళ్లాలి. మన రేణువు ఈ రెండింటికీ మధ్యలో ఉంది.

ఈ మధ్య ప్రాంతానికి పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటర్‌మన్ 1965లో ఇచ్చిన టీ-మాట్రిక్స్ పద్ధతి నునుపైన, అక్షసౌష్ఠవం ఉన్న సమదైశిక రేణువులకు చాలా వేగంగా పనిచేస్తుంది. మొనలున్న అసమదైశిక ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆ సౌలభ్యం పోతుంది. కేన్ యీ 1966లో ప్రతిపాదించిన, స్థలాన్నీ కాలాన్నీ చిన్న గడులుగా కోసి లెక్కగట్టే ఎఫ్‌డీటీడీ పద్ధతి టెన్సర్‌ను తీసుకుంటుంది కానీ, దాని గ్రిడ్‌లో విద్యుత్ క్షేత్రం మూడు అంశాలూ మూడు వేర్వేరు చోట్ల కూర్చుంటాయి. అందుకని టెన్సర్‌లో కర్ణం బయటి గడులకు విలువలను పక్కనుంచి అంచనా కట్టి తెచ్చుకోవాలి. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఆకారాన్ని చక్కగా పట్టుకుంటుంది, మెమరీ మాత్రం బాగా తింటుంది.

ఇలాంటి రేణువుకు నేను చెప్పేది డిస్క్రీట్ డైపోల్ అప్రాక్సిమేషన్, అంటే డీడీఏ. పర్సెల్, పెన్నీపాకర్ 1973లో నక్షత్రాల మధ్య ఉండే ధూళి కోసం దీన్ని వాడారు. రేణువును ఘనాకార గ్రిడ్‌గా విడగొట్టి, ఒక్కో బిందువు దగ్గర ఒక డైపోల్ పెడతాం. ప్రతి డైపోల్ మీదా బయటి కాంతి పడుతుంది, మిగతా డైపోళ్లన్నీ పంపే క్షేత్రమూ పడుతుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపడేలా సమీకరణాలను సాధించడమే పని. పదార్థం అసమదైశికమైతే మారేది ఒక్కటే: డైపోల్ ధ్రువణీయత (క్షేత్రానికి అది ఎంత స్పందిస్తుందన్నది) ఒక సంఖ్యకు బదులు మూడు వరుసల, మూడు నిలువుల మాత్రిక అవుతుంది. డైపోళ్ల మధ్య పరస్పర చర్య అలాగే ఉంటుంది. ఈ పద్ధతి ఇక్కడ ఇంతగా అతికిపోవడానికి కారణం అదే.

దీనికి రెండు ఉచిత ప్రోగ్రాములు బాగా వాడుకలో ఉన్నాయి. డ్రెయిన్, ఫ్లాటౌ ఫోర్ట్రాన్‌లో రాసిన డీడీస్కాట్ ఒకటి. యుర్కిన్, హుక్‌స్ట్రా పేర్లతో ముడిపడిన, సీ భాషలో ఉన్న ఏడీడీఏ రెండోది. మీ లెక్కకు ఏది నప్పుతుందో కాస్త కిందకి వెళ్లాక తెలుస్తుంది.

ఆకారాన్ని గ్రిడ్‌లోకి దించడం

అసలు రేణువుకి మైక్రో సీటీ స్కాన్ ఉంటే అంతకన్నా మేలైనది లేదు. లేకపోతే గణితంతో పుట్టించాలి. గాసియన్ యాదృచ్ఛిక గోళం ఎగుడుదిగుడు బండరాయి లాంటి ఆకారాలిస్తుంది. ఘనాన్ని యాదృచ్ఛిక తలాలతో కోసుకుంటూ పోతే పదునైన అంచుల ముక్కలు వస్తాయి. పగలగొట్టిన ఖనిజానికి నేను రెండో దారే ఎంచుకుంటాను.

ఉపరితలాన్ని అల్లిన త్రిభుజాల వల (మెష్)లో రంధ్రాలు లేవని చూసుకుని, ఏ గ్రిడ్ బిందువులు లోపల పడ్డాయో లెక్కించండి. లోపలి బిందువుల సంఖ్యను ఒక గడి ఘనపరిమాణంతో గుణిస్తే రేణువు అసలు ఘనపరిమాణం రావాలి. రాకపోతే గడి కొలతను కొద్దిగా సర్ది సరిచేయండి. సన్నని మొనలు ఉంటే వాటి అడ్డకొలతలో కనీసం నాలుగైదు డైపోళ్లు పట్టాలి.

అక్షాన్ని కూర్చోబెట్టడం

ఇక్కడ తొందరపడకండి.

ముందు ఆ ఖనిజం ఎలా పగులుతుందో తెలుసుకోవాలి. కాల్సైట్ మూడు నిర్ణీత తలాల వెంబడి పగులుతుంది. పగిలిన ముక్క ముఖాల మీద కోణాలు సుమారు 78, 102 డిగ్రీలు ఉంటాయి. మూడు పెద్ద కోణాలు కలిసే మూల ఒకటుంటుంది. ఆ మూల దగ్గర కలిసే మూడు అంచులకూ సమానంగా వంగి ఉండే దిశే దృగక్షం, అంటే మనకు కావాల్సిన స్ఫటిక అక్షం. అంటే కాల్సైట్‌లో ఆకారం తెలిస్తే అక్షం కూడా తెలిసినట్టే, మీ ఇష్టానికి పెట్టడానికి వీల్లేదు. క్వార్ట్జ్ అలా కాదు. దానికి స్పష్టమైన పగులు తలాలు లేవు, గాజులా వంపులు తిరిగి విరుగుతుంది. అక్కడ ఒక్కో ఆకారానికీ అక్షాన్ని యాదృచ్ఛికంగా ఎంచాలి. అలా ఎంచేటప్పుడు నిలువు అక్షంతో చేసే కోణాన్ని సమంగా పంచకూడదు, ఆ కోణం కొసైన్‌ను సమంగా పంచాలి. లేకపోతే అక్షాలు ధ్రువాల దగ్గర గుమిగూడతాయి.

ఇప్పుడు టెన్సర్. గుణకాలను వర్గం చేస్తే పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) వస్తుంది: 1.658 వర్గం 2.749, 1.486 వర్గం 2.208. అక్షం వెంబడి 2.208, దానికి లంబంగా ఉన్న రెండు దిశల్లోనూ 2.749. అక్షం మీ గ్రిడ్ దిశల్లో ఒకదాని వెంబడే ఉంటే టెన్సర్ కర్ణం మీద ఈ మూడు సంఖ్యలే, మిగతావి సున్నాలు. అక్షం వంగి ఉంటే సూత్రం సులువే: యూనిట్ మాత్రికను 2.749తో గుణించండి. అక్షం ఏకాంక సదిశను దానితోనే గుణిస్తే వచ్చే మాత్రికను రెండింటి తేడా అయిన −0.541తో గుణించి, మొదటిదానికి కలపండి. ఎక్స్, జెడ్ దిశల మధ్య 45 డిగ్రీలు వంచి చూడండి. ఎక్స్-ఎక్స్, జెడ్-జెడ్ గడుల్లో 2.479, వై-వై గడిలో 2.749, ఎక్స్-జెడ్, జెడ్-ఎక్స్ గడుల్లో −0.270 వస్తాయి. కర్ణం మొత్తం తిప్పకముందూ తిప్పాకా సుమారు 7.71 ఉండాలి. మారిందంటే తిప్పడంలో పొరపాటు జరిగినట్టే.

ధ్రువణీయతను లెక్కించడంలో వరుస చాలా ముఖ్యం. క్లాసియస్-మొసోటి సూత్రం ప్రకారం పర్మిటివిటీ నుంచి 1 తీసేసి, పర్మిటివిటీకి 2 కలిపినదానితో భాగిస్తాం. కాల్సైట్‌కి అక్షం వెంబడి 0.287, లంబంగా 0.368. గుణకాల్లో పన్నెండు శాతం లోపే ఉన్న తేడా ఇక్కడికొచ్చేసరికి 28 శాతం అయింది. ఈ లెక్కను ప్రధాన అక్షాల మీదే పూర్తి చేసి, వచ్చిన ధ్రువణీయత మాత్రికను ఆ తర్వాత తిప్పాలి. తిప్పిన పర్మిటివిటీ టెన్సర్‌లో ఒక్కో గడికీ విడివిడిగా ఈ సూత్రం పెట్టడం తప్పు.

ఏడీడీఏలో అసమదైశిక పదార్థానికి కర్ణం మీది మూడు విలువలే ఇవ్వగలరు, వంగిన టెన్సర్‌ను అది తీసుకోదు. అలాగని దాన్ని పక్కన పెట్టక్కర్లేదు. అక్షాన్ని గ్రిడ్ దిశ వెంబడి నిలబెట్టి, ఆకారాన్ని తిప్పండి. మెష్‌ను ముందుగా తిప్పి ఆ తర్వాత గ్రిడ్‌లోకి దించితే సరి. గ్రిడ్‌లోకి దించాక తిప్పితే అంచులు పాడవుతాయి. ఒకే స్ఫటికంతో ఉన్న రేణువుకి ఈ ఉపాయం పూర్తిగా చాలు. రేణువులో రెండు మూడు స్ఫటిక భాగాలు వేర్వేరు అక్షాలతో అతుక్కుని ఉంటే మాత్రం డీడీస్కాట్ వైపు వెళ్లండి. అక్కడ ఒక్కో డైపోల్‌కీ మూడు కోణాలు విడిగా ఇచ్చే సౌకర్యం ఉంది.

రేణువు కాంతిని శోషించుకునేదైతే గుణకంలో ఊహాభాగం గుర్తు చూసుకోండి. ఈ రెండు ప్రోగ్రాముల్లోనూ శోషణకి ఊహాభాగం ధనాత్మకంగా ఉండాలి. కొన్ని పుస్తకాలు, పట్టికలు దీనికి వ్యతిరేక సంప్రదాయం వాడతాయి. గుర్తు తారుమారైతే రేణువు కాంతిని మింగడం పోయి, పుట్టించడం మొదలుపెడుతుంది.

డైపోళ్లు ఎంత దగ్గరగా ఉండాలి

తరంగ సంఖ్య అంటే 2 పై భాగించు తరంగదైర్ఘ్యం. దాన్ని గుణకంతోనూ డైపోళ్ల మధ్య దూరంతోనూ గుణిస్తే 1 కన్నా తక్కువ రావాలి. కోణాలవారీగా వివరం కావాలంటే 0.5 కన్నా తక్కువ ఉండాలి. అసమదైశిక పదార్థానికి రెండు గుణకాల్లో పెద్దదాన్నే తీసుకోండి. మన కాల్సైట్‌కి 0.5 షరతు పెడితే దూరం 28 నానోమీటర్లు, డైపోళ్లు దాదాపు 24,000.

ఒక్కో డైపోల్‌కి మూడు సంకీర్ణ సంఖ్యలు తెలియాలి, అంటే మొత్తం 72,000. డైపోళ్ల పరస్పర చర్యల మాత్రికను నేరుగా దాచుకుంటే దాదాపు 83 గిగాబైట్ల మెమరీ కావాలి. గ్రిడ్ సమంగా ఉంటుంది కాబట్టి, గుడ్‌మన్, డ్రెయిన్, ఫ్లాటౌ 1991లో చూపినట్టు ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ వాడితే ఆ మాత్రికను దాచాల్సిన పనే ఉండదు, మామూలు ల్యాప్‌టాప్ మీదే లెక్క నడుస్తుంది.

ఒకే దూరంతో లెక్క చేసి వదిలేయకండి. దూరాన్ని సగం చేస్తే డైపోళ్లు ఎనిమిది రెట్లవుతాయి. మూడు నాలుగు దూరాలకు లెక్క చేసి, దూరం సున్నాకి చేరితే ఫలితం ఎక్కడికి పోతుందో గీత గీసి చూడండి. ఆ గీత నునుపుగా రాకుండా ఎగిరెగిరి పడుతుంటే ఆకారం సరిగా పట్టుబడలేదని అర్థం.

డీడీఏ లోహాల లాంటి పెద్ద గుణకాల దగ్గర తడబడుతుంది. గుణకానికీ 1కీ మధ్య దూరం 2 దాటితే సమీకరణాలను సాధించే సాల్వర్ మెల్లగా నడుస్తుంది, ఫలితమూ అంత నమ్మకంగా ఉండదు.

నమ్మేముందు ఎక్కాల్సిన మెట్లు

అసలు రేణువును నేరుగా నడిపేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. నాలుగు మెట్లున్నాయి.

మొదట సమదైశిక గోళం. గుస్టావ్ మీ ఇచ్చిన లెక్కతో పోల్చి చూడండి, అదే గ్రిడ్ దూరంతో కొద్ది శాతం లోపు కలవాలి. తర్వాత అసమదైశిక గోళం, చాలా చిన్నది, సైజ్ పారామీటర్ 0.1 లాంటిది. దీనికి కాగితం మీద జవాబు దొరుకుతుంది. అన్ని దిశలకూ సగటు తీశాక వెనక్కి వచ్చే కాంతిలో ధ్రువణం చెదిరిన నిష్పత్తి కావాలి. రెండు ధ్రువణీయతల తేడా వర్గాన్ని 3తో గుణించి, సగటు ధ్రువణీయత వర్గానికి 45 రెట్లు, తేడా వర్గానికి 4 రెట్లు కలిపినదానితో భాగించండి. పైన వచ్చిన 0.287, 0.368 పెడితే సుమారు 0.0038 వస్తుంది. సమదైశిక గోళానికి ఇది సున్నా. మీ ప్రోగ్రాం 0.0038 దగ్గరికి వచ్చిందంటే టెన్సర్, తిప్పడం, సగటు మూడూ ఒక్కసారే పరీక్ష పాసైనట్టు. ఈ మెట్టును మాత్రం ఎప్పుడూ దాటేయకండి. గోళం, ఘనం లాంటి ఆకారాలకు ప్రోగ్రాములు సౌష్ఠవాన్ని చూసి సగం లెక్క మానేసే సెట్టింగులు ఉంటాయి. పదార్థం అసమదైశికమైనప్పుడు ఆ సౌష్ఠవం చెల్లదు, ఆఫ్ చేసి ఉందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

మూడో మెట్టు సమదైశిక వంకర రేణువు. నాలుగోది మీ అసలు రేణువు. ప్రతి మెట్టు మీదా శక్తి లెక్క సరిచూడండి. శోషణ లేని రేణువులో, కిరణం నుంచి పోయిన కాంతి మొత్తం అన్ని దిక్కులకూ చెదిరిన కాంతి మొత్తానికి సమానం కావాలి.

దిశల సగటు

గాలిలో తేలే రేణువులు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి కాబట్టి మూడు ఆయిలర్ కోణాల (రేణువు ఎటు తిరిగి ఉందో చెప్పే కోణాల) మీద సగటు తీయాలి. కిరణం చుట్టూ తిప్పే కోణానికి సమీకరణాలను మళ్లీ సాధించనక్కర్లేదు, పరిక్షేపణ తలాన్ని తిప్పితే చాలు. మిగతా రెండింటికీ తప్పదు. ఒకదానికి 17, ఇంకోదానికి 16 విలువలు పెడితే 272 దిశలు, ఒక్కో దిశకు రెండు ధ్రువణాలు, అంటే 544 సార్లు సాధించాలి. సౌష్ఠవం లేని రేణువుకి కోణాల పరిధిని సగానికి కోసే దారి లేదు. సమయమంతా పోయేది ఇక్కడే, రాత్రంతా నడపడానికి సిద్ధపడండి.

తిప్పేటప్పుడు ఆకారమూ అక్షమూ కలిసే తిరగాలి. అక్షాన్ని ప్రయోగశాల దిశకు అతికించి ఆకారాన్ని మాత్రమే తిప్పితే మీరు వేరే భౌతిక సమస్యను సాధిస్తున్నట్టు.

ఫలితం పదహారు గడుల ముల్లర్ మాత్రిక, అంటే పడిన కాంతి తీవ్రత, ధ్రువణం చెదిరాక ఎలా మారతాయో చెప్పే పట్టిక. దానిలో మొదటి గడి ఎఫ్11 తీవ్రతను చెబుతుంది. ఎఫ్22 దానితో ఎంత విడిపోయిందో చూస్తే ధ్రువణం ఎంత చెదిరిందో తెలుస్తుంది. సగటు సరిగా అయిందా అన్నదానికి ఒక మంచి పరీక్ష ఉంది: సరిగ్గా 180 డిగ్రీల దగ్గర ఎఫ్44 అనేది, ఎఫ్11 నుంచి రెండు ఎఫ్22లు తీసేస్తే వచ్చినదానికి సమానం కావాలి. అసమదైశిక స్ఫటికాలకూ ఇది వర్తిస్తుంది. కుదరకపోతే దిశల సంఖ్య పెంచండి.

ఒక రేణువు నుంచి పొడి దాకా

ఒకే వంకర ఆకారం ఎంత బాగా లెక్కగట్టినా అది పొడికి ప్రతినిధి కాదు. పదీ పదిహేను ఆకారాలు, కొన్ని సైజులు తీసుకుని కలపాలి. ప్రతి ఆకారానికీ అద్దంలో ప్రతిబింబాన్ని కూడా చేర్చండి. అప్పుడు మాత్రికలో ఎనిమిది గడులు సున్నా అవుతాయి, మిగిలినవాటిలో స్వతంత్రమైనవి ఆరే. ప్రతిబింబం తీసేటప్పుడు అక్షాన్నీ అద్దంలో తిప్పాలి. ఆకారాన్ని మాత్రమే తిప్పి అక్షాన్ని పాతచోటే ఉంచితే అది ప్రతిబింబం కాదు, మూడో రకం రేణువు.

కలిపేటప్పుడు క్షేత్రాలను కాదు, ముల్లర్ మాత్రికలను కలపాలి. ముందుగానే మొత్తం 1కి సర్దేసిన మాత్రికలైతే ఒక్కోదాన్నీ దాని పరిక్షేపణ అడ్డుకోత వైశాల్యంతో గుణించి కలపండి. లేకపోతే చిన్న రేణువుకీ పెద్ద రేణువుకీ సమాన ఓటు ఇచ్చినట్టవుతుంది.

కొలతలతో పోల్చాలంటే ఆమ్‌స్టర్‌డామ్–గ్రనడా డేటాబేస్ చూడండి. ఖనిజ ధూళి నమూనాలకు ఎక్కువగా 441.6, 632.8 నానోమీటర్ల దగ్గర కొలిచిన మాత్రికలు అందులో ఉన్నాయి. అక్కడ ఎఫ్11ని 30 డిగ్రీల దగ్గర 1కి సర్ది ఇస్తారు. మీ లెక్కను కూడా అలాగే సర్ది పక్కన పెట్టండి. ఆ తరంగదైర్ఘ్యాలకు స్ఫటికం గుణకాలను మళ్లీ తెచ్చుకోవాలి, పైన మనం వాడిన 589 నానోమీటర్ల విలువలు చెల్లవు. సరిగ్గా ముందుకీ సరిగ్గా వెనక్కీ వచ్చే కోణాలకు పరికరం చేరలేదు, కాబట్టి ఆ చివరల దగ్గర పోలిక పెట్టుకోకండి. మొదట చూడాల్సింది ఎఫ్11 కాదు. చాలా నమూనాలు దాన్ని సుమారుగా పట్టేస్తాయి. 90 డిగ్రీల నుంచి వెనక్కి ఎఫ్22ని ఎఫ్11తో భాగించిన వక్రరేఖ చూడండి. అది కలవకపోతే ముందు ఆకారాలను మార్చకుండా, అదే ఆకారాలకు సగటు గుణకం పెట్టి మళ్లీ నడపండి. రెండు లెక్కల మధ్య తేడా ఎంతో చూస్తే లోపం అక్షంలో ఉందో, ఆకారంలో ఉందో వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.